పంతొమ్మిది ఇండెక్సులూ వాడకం మాస్టారూ

ఏ వస్తువు కంటబడినా “దీన్ని చివరిసారి ఎప్పుడు వాడారు?” అని అడగనిదే ఆయనకు కాలు ముందుకు పడదు. ఆసుపత్రి కంప్యూటరు విభాగంలో డేటాబేస్ చూసే ఆ పెద్దాయనకు అందుకే వాడకం మాస్టారని పేరు. ఇంట్లోనూ అంతే: వాడని సామాను నెలరోజులు అటకెక్కుతుంది, ఎవరూ అడగకపోతే దానమైపోతుంది. ఒకసారి అత్తగారు అటకకేసి చూసి, “అల్లుడుగారూ, నేను రోజూ వాడుకలోనే ఉన్నాను, కాస్త రాసి పెట్టుకోండి!” అన్నారట.

ఆ ఏడాది కొత్త రోగుల నమోదు నత్తనడక పట్టింది. ఒక్క పేరు ఎక్కేలోగా వరుసలో రెండు తగవులు రేగేవి. “నెలలో కారణం తేల్చండి. చేసినవాళ్లెవరో వాళ్లని సాగనంపుతాను” అన్నారు సూపరింటెండెంటు. ఆ మాటకు మాస్టారి విభాగంలోనే పనిచేసే ప్రోగ్రామరమ్మ గుండెల్లో రాయి పడింది.

డేటాబేస్‌లో రోగుల వివరాలుండే టేబుల్ మీదున్న పంతొమ్మిది ఇండెక్సులూ ఆవిడ పెట్టినవే. వెతకడం ఆలస్యమవుతోందని ఎవరు మొరపెట్టుకున్నా కాదనలేక ఒకటి తగిలించేవారు. పుస్తకం చివరి పట్టికలా ఇండెక్సు దారి చూపే మాట నిజమే. కాని కొత్త పేరు చేరిన ప్రతిసారీ పంతొమ్మిది పట్టికల్లోనూ రాయవలసిందే.

ఏ ఇండెక్సు ఎన్నిసార్లు పనికొచ్చిందో మాస్టారు వాడకం అంకెలు తీశారు. పద్నాలుగింటి ఎదుట సున్న.

“తీసేద్దామా సార్?”

“తొందరెందుకమ్మా? సర్వర్ మొన్ననే ఆగి మళ్లీ మొదలైంది. ఈ లెక్క అప్పట్నుంచే, అంతకుముందు సంగతి దానికేం తెలుసు? నెలాఖరు రిపోర్టులు కూడా వెళ్లనీ. ఇంతకీ ఈ మొదటి ఇండెక్సు ఎవరడిగారు?”

“స్టోరు గుమస్తాగారు.”

“ఆయన రిటైరై ఆరేళ్లు. ఇది మాత్రం ఇంకా డ్యూటీలో ఉంది!”

నెలాఖరు రిపోర్టులకు మూడు కదిలాయి. మిగిలిన పదకొండింటినీ మాస్టారు ముందు పక్కకు దాచి, ఎవరూ కిమ్మనలేదని రూఢి చేసుకున్నాకే తొలగించారు. పేర్లు చిటికెలో ఎక్కసాగాయి.

సమావేశంలో సూపరింటెండెంటు నివేదిక తిరగేశారు. “ఏది ఎప్పుడు పుట్టిందో రాశారు. ఎవరు పుట్టించారో ఆ గడి లేదేమిటండీ?”



“ఉండేదండీ,” అన్నారు మాస్టారు నిదానంగా. “దానివల్ల ఒక్క రోగి పేరైనా త్వరగా ఎక్కుతుందేమోనని చూశాను. వాడకం సున్న. తీసేశాను.”

సూపరింటెండెంటు నవ్వాపుకొంటూ సంతకం చేశారు.

వరండాలో ప్రోగ్రామరమ్మ ఆయన వెనకే పరుగున వచ్చారు. “సార్, మీరు...”

“అదలా ఉంచు. ‘కుదరదు’ అనే మాటని చివరిసారి ఎప్పుడు వాడావమ్మా?”