నేను గుర్తుపట్టిన మందుపాతరలు

ఆ రోజుల్లో మా కమలాపురం వైపు పల్లెల్లో, నాలుగూళ్లు తిరిగొచ్చినవాడికి తెలియని విద్య ఉండదని జనం నమ్మేవాళ్లు. నమ్మనివాళ్లుంటే వాళ్లను నమ్మించే బాధ్యత నేను తీసుకున్నాను. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. మిలిటరీ గోదాములో రెండేళ్లు కంబళ్లు మడతపెట్టాను (శత్రువును కాదు కదా, తుపాకీని కూడా దగ్గరగా చూడలేదు). ఊళ్లో మాత్రం "యుద్ధం జేసొచ్చినాడు" అన్నారు. పెద్దలు అన్న మాటను కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఎర్రగుంట్ల దారిలోని బంజరులో యుద్ధకాలంలో ఒక పటాలం కవాతు నేర్చుకుని, పోతూ పోతూ బోలెడంత ఇనుము వదిలేసింది. దాన్ని ఏరి అమ్ముకునేవాడు మా ఊరి పాతినుము సాయిబు. ఒకనాటి పొద్దున అతను బండి లోంచి అన్నం పళ్లేలంత ఇనుప బిళ్లలు నాలుగు దించుతుంటే తలారి చూసి "మందుపాతరలు!" అని కేక పెట్టాడు. సాయిబుతో సహా వీధి వీధంతా ఖాళీ అయింది. మునసబుగా ఉన్న మా మేనమామ నాకు కబురు పెట్టాడు. "ఒరే, నువ్వు యుద్ధం జూసినోనివి. అవి పేల్తాయో పేలవో చెప్పు పో" అన్నాడు. మామ కూతురితో నా పెళ్లి మాటలు నడుస్తున్న రోజులవి. ఆ పిల్ల గోడ మీదుగా చూస్తోంది. "అదెంతపని మామా" అన్నాను.

నడిచి వెళ్లొచ్చు. కానీ పాకితే మిలిటరీవాడిలా ఉంటుందనిపించి పాకాను. దారిలోని పల్లేరుకాయలన్నీ నా పొట్టకే వచ్చాయి. చేరాక ఏం చూడాలో తెలియక ఒకదానికి చెవి ఆనించి పడుకున్నాను. అంతలో సాయిబు భార్య, మేమంతా బీబత్త అని పిలిచే ఆవిడ, గంప నెత్తిన పెట్టుకుని అటే వచ్చింది.

"ఏమప్పా, ఈడ పండుకోని ఏం జేస్తాండావు? కడుపునొప్పా?"

"దగ్గరికి రావద్దత్తా, పేలుతాది!"

"ఇదా? ఇట్లాంటిదే మా ఇంట్లో ఇంగొకటి ఉండాది. లోపల అంతా ఇసకే. దాంతో బోకులు తోమినా. పైమూత మీద నెల్నాళ్లుగా రొట్టెలు కాలుస్తాండా. శానా బాగా కాల్తాయి."

నేను లేచి దుమ్ము దులుపుకున్నాను. "నేనూ అదే చెప్పబోతాండా. ఇవి సిపాయిలు నేర్చుకోనీకి చేసిన ఉత్తుత్తివి" అని ఊరందరికీ వినబడేలా ప్రకటించి, నాలుగోదాని మీద కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను. మామ మజ్జిగ తెప్పించాడు. అక్కడే కూర్చుని తాగాను.

మునసబు గనక మామ కడపకు రాసి పంపాడు. వారానికి ఒక హవల్దారు వచ్చి మూడింటిని తిప్పి చూసి పక్కన పడేశాడు. నాలుగోదాని దగ్గర మాత్రం ఆగిపోయాడు. మమ్మల్నందరినీ ఊరవతలి వంకదాకా తరిమి, దాన్ని అక్కడే పేల్చాడు. మా పక్కింటి గోడ పడిపోయింది. తిరిగొచ్చి వచ్చీరాని తెలుగులో "బండి చక్రం ఎక్కితే పేలేది. మనిషి బరువు చాలదు, అంతే. మంచిదని ఎవరు చెప్పినారు?" అని అడిగాడు. నేను మామ వెనక్కి జరిగాను.

"నేనే సాబ్" అంది బీబత్త. "రొట్టెలు కాల్చుకునేదాన్ని, నాకేం దెలుసు?"

ఇంటిదారిలో ఆవిడే నా చెయ్యి పట్టుకుని నడిపించింది. "పెండ్లి కుదిరేదాకా బతికుండప్పా" అంది. కుదిరింది, బతికే ఉన్నాను. ఇరవై రెండేళ్ల ఆ కుర్రవాడి మీద ఇప్పుడు నాకు కోపం రాదు. వట్టి తెలివితక్కువవాడు, పాపం. కానీ ఎంత దర్జాగా కూర్చున్నాడు!