గీ చెయ్యి ఎవల్ది సారూ?

2023 చలికాలం. నాగర్‌కర్నూల్‌లో కృత్రిమ అవయవాల కేంద్రంలో నేను ప్రోస్థెటిస్ట్‌ని. అంటే చెయ్యో కాలో పోయినవాళ్లకు కొలతలు తీసి, కొత్తది తయారుచేసి తొడిగేవాణ్ణి. తీరిక దొరికితే సైన్స్ ఫిక్షన్ చదువుతాను.

మానవపాడు దగ్గరి పల్లె నుంచి ఎల్లమ్మ వచ్చింది. వలసపనికి పోయినచోట కాంక్రీట్ మిక్సర్‌లో పడి కుడి ముంజేయి సగం పోయింది. దాతలెవరో ఆమెకు మయోఎలక్ట్రిక్ చెయ్యి ఇప్పించారు. పిడికిలి బిగించాలనుకోగానే మన కండరంలో సన్నటి కరెంటు పుడుతుంది. సెన్సర్లు దాన్ని పసిగట్టి మోటార్లను తిప్పుతాయి.

"లేని వేళ్లనే ముడుస్తున్నట్టు అనుకో అమ్మా," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. నల్లటి వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరించే క్షణమది.

"మనసుల అనుకున్న, అంతే. దానికెట్ల తెలిసింది సారూ?" అంది, గొంతు తగ్గించి.

మిరప కోతల రోజుల్లో మళ్లీ వచ్చింది. చెయ్యి బిగిసిపోయి రాయిలా ఉంది. అప్పుడప్పుడు కంపెనీ సర్వర్‌తో కలవకపోతే అది దానంతటదే లాక్ అవుతుందట. ఆమె పల్లెలో సిగ్నల్ సరిగ్గా ఉండదు. కంపెనీకి ఫోన్ చేస్తే, చెయ్యి వెనక్కి పంపమన్నారు.

"నేను పంపియ్య," అని మొండికేసింది ఎల్లమ్మ. "అది నా పెయ్యిల కలిసిపోయింది." తన ఒంట్లో భాగమైపోయిందని ఆమె మాట.

ఆ మాటే చెబితే, కంపెనీ ఇంజనీరు కనుక్కుని మళ్లీ ఫోన్ చేస్తానంది. ఎదురుచూస్తూ, ఇలాంటి కథలు పుస్తకాల్లో చదివానన్నాను.

"ఏముంటది గా కథలల్ల?"

చెప్పాను. సైబర్‌పంక్ అనే రకం కథల్లో యంత్రాలు ఆకాశమంత ఎదుగుతాయి, మామూలు మనుషుల బతుకులు మాత్రం కిందనే ఉంటాయి. ఒంట్లోకి యంత్రం వస్తుంది, దాని వెంటే కంపెనీ పెత్తనమూ వస్తుంది. దానికి చుట్టాల్లాంటి కథలూ ఉన్నాయి. బయోపంక్‌లో మార్చేది జన్యువులను. స్టీమ్‌పంక్‌లో లోకమంతా ఆవిరి యంత్రాలతోనే నడుస్తుంది. సోలార్‌పంక్‌లో ఎండను కరెంటు చేసుకుని, మనుషులు ఒకరికొకరు ఆసరాగా బతుకుతారు.

ఆమె బిగిసిపోయిన ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"అయితే గీ చెయ్యి ఎవల్ది సారూ? నాదా, కంపెనోళ్లదా?"

రంగుల దీపాలు, ఆకాశహర్మ్యాలు, ఆగని వాన, ఇవే సైబర్‌పంక్ అనుకునేవాణ్ణి. దాని అసలు ప్రశ్న నా ముందు కుర్చీలో కూర్చుని ఉంది.

ఇంజనీరు ఫోన్ రాగానే స్పీకర్ పెట్టాను. ఎల్లమ్మ అదే మాట అడిగింది. "అమ్మా, మా మేనేజర్‌తో మాట్లాడతాను. మీరు అక్కడే ఉండండి," అంది ఆ అమ్మాయి.

సాయంత్రానికి సర్వర్ లేకుండానే పనిచేసే అనుమతి వచ్చింది. చేతిని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి లాక్ తీశాను. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఎల్లమ్మ ఎడమచేత్తో వాటిని తడిమి చూసుకుంది.

ఇప్పుడు ఏ కంపెనీ చెయ్యి తొడగాల్సి వచ్చినా, తాళం ఎవరి దగ్గర ఉంటుందని ముందే అడుగుతాను. ఒంటికి తొడిగాక ఒక వస్తువు వస్తువుగా మిగలదని నాకు తెలిసింది ఆ రోజే.

గద్వాల బస్సు కదులుతుంటే ఎల్లమ్మ పరుగున పోయి, ఆ కుడిచేత్తోనే కమ్మీ పట్టుకుని ఎక్కింది.