గరగర ఎక్కడిది

మా పక్కింటి ఫిట్టరు మామ పోయిన మంగళవారం ధర్మవరంలో చనిపోయాడు. తను పనిచేసే రైలు షెడ్డు దగ్గర పట్టాలు దాటుతుంటే వెనక నుంచి ఇంజను వచ్చిందట. డ్రైవరు కూత మీద కూత వేశాడట. “అంత కూతేసినా పక్కకు జరగలే. ఏం పరధ్యానమో” అని, శవాన్ని మా ఊరు హిందూపురం తెచ్చినవాళ్లు అనుకుంటుంటే విన్నాను. అది పరధ్యానం కాదు. మామకు సరిగా వినపడదు. అత్త ఏ మాటైనా అరిచి చెప్పే మనిషి కాబట్టి ఆ ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను రేడియోలు బాగుచేసి బతుకుతున్నాను. పని ఎవరు నేర్పితేనేం, వినడం నేర్పింది మామ. నా చిన్నప్పుడు ఒకసారి ఇద్దరం ధర్మవరం పోతుంటే రైలు పెనుకొండలో ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఒకాయన ఏదైనా వదులైందేమోనని చక్రాలను సుత్తితో తడుతూ పోతున్నాడు. కళ్లు మూసుకుని కూర్చున్న మామ కిటికీలోంచి చెయ్యి ఊపి, “ఆ మూడోది మళ్లా చూడప్పా, సరిగ్గా మోగలే” అన్నాడు. అతను విసుక్కుంటూ వెనక్కి వచ్చి వంగి చూసి, ఏదో బిగించి పోయాడు. మామ నా వైపు తిరిగి, “అంతా ఒకేసారి ఇంటే ఏమీ తెలీదబ్బీ. ఒక్కోటి ఇడదీసి ఇను” అన్నాడు. ఆ ఒక్క మాటే ఇన్నాళ్లూ నా అంగడిని నడిపింది.

మామకు గిటారు పిచ్చి. బెంగళూరులో కొన్న గిటారును ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించేవాడు. దాని శబ్దం ఆయన రేడియోలోంచి పెద్దగా వచ్చేట్టు నేనే వైరు కలిపి ఇచ్చాను. నాలుగేళ్ల కిందట నేను పాత టేపు రికార్డరు ఒకటి కొన్నానని తెలిసి, “వాయించేటప్పుడు వాయించేదే సరిపోతాది. ఒక్కసారన్నా ఊరికే కూచుని నా పాట నేను ఇనాల” అని బతిమాలాడు.

ఒక ఆదివారం వాళ్లింట్లో రేడియో ముందు మైకు పెట్టి పాటను టేపుకెక్కించాం. మళ్లీ వేసి వింటుంటే వంటింట్లోంచి అత్త, “ఏందది, రేకు మీద కంకర పోసినట్ల గరగరమంటాండాది!” అని అరిచింది. మామ నా ముఖం చూశాడు. “సరే, ఒక్కోటి ఇడదీద్దాం” అన్నాడు.

తీగలు చూశాం. వైరు మళ్లీ అతికాం. రేడియోలో వాల్వు మార్చాను, స్పీకరు కాగితం చిరిగిన చోట బంక పూశాను. మైకును బారెడు దూరం జరిపాం. గరగర పోలేదు. రికార్డరులో కన్నులాంటి పచ్చ లైటు ఒకటి ఉంటుంది. శబ్దం ఎక్కువైతే అది మూసుకుంటుంది, అప్పుడు టేపు మీద పాట పగులుతుంది. మామ వాయించినప్పుడల్లా ఆ కన్ను పూర్తిగా మూసుకుంటోంది. ఆయన కాఫీకి లోపలికి వెళ్లినప్పుడు రేడియో శబ్దం సగానికి తగ్గించి నేనే తీగ మీటి చూశాను. టేపు మీద మచ్చ లేకుండా వచ్చింది.

మామ తిరిగొచ్చి గిటారు అందుకుని రెండు తీగలు మీటాడు. “ఏమబ్బా, రేడియో ఆపేసినావా?” అన్నాడు. తమాషాకు అన్నాడేమోనని నవ్వాను. ఆయన నవ్వలేదు. వంగి రేడియో శబ్దం పెంచే నాబును చివరిదాకా తిప్పి, “ఆ, ఇప్పుడు ఇనపడతాండాది” అన్నాడు. నేను టేపు మళ్లీ తిప్పాను, ఆయన వాయించడం మొదలుపెట్టాడు, పచ్చ కన్ను మూసుకుపోయింది.

ఒక్కోటి విడదీస్తూ పోతే చివరికి మిగిలింది ఆయన చెవి. ముప్పై ఏళ్లు బాయిలర్ల మీద సుత్తి దెబ్బలు తిన్న చెవి. చెబితే ఉద్యోగం పోతుంది. ఆ చెవి మీద ఆయనకున్న గర్వం పోతుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. నాలుగేళ్లు అలాగే అనుకున్నాను. దాన్ని ప్రేమ అని నాకు నేను చెప్పుకున్నాను. అది ఉత్త పిరికితనం. చెప్పి ఉంటే నన్ను తిట్టేవాడు, కొన్నాళ్లు మాట్లాడేవాడు కాదు, అంతే కదా! పట్టాలు దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాడు.

నిన్న అంగడి తలుపు దగ్గరగా వేసి ఆ టేపు పెట్టాను. పాటంతా గరగరే. పాట ఆగాక మామ గొంతు వినిపించింది. “ఏమబ్బా, పోయిందా గరగర?” తర్వాత నా గొంతు. స్పష్టంగా, ఎక్కడా ఒక్క చీలిక లేకుండా.

“పోయింది మామా. శానా బాగుండాది.”