గోడమీది పేరును పిలిచిన మనిషి

న్యాయవాది నర్సింలు సార్ ఇక లేరన్న పిడుగులాంటి వార్త మొన్న పొద్దున పటాన్‌చెరు బస్టాండులో నిలబడి ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది సార్ దగ్గర గుమస్తాగా ఉన్న మొగులయ్య. "అన్నా, సార్ పోయిండు. నిద్దట్లనే గుండె ఆగింది" అన్నడు. "ఏం మాట్లాడుతున్నవయా? నిన్ననే గదా నన్ను తిట్టిండు!" అని అతని మీద కేకలేసిన. పాపం, మొగులయ్య ఏం చేస్తడు? నా దుఃఖానికి ఆ క్షణాన ఆయనే దొరికిండు.

సంగారెడ్డిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు జీవితాంతం నిరుపేదల పక్షాన వాదించిన ధీశాలి ఆయన. అర్హత లేని చేతుల్లో పడి ఆరోగ్యాన్నో, ఆప్తులనో పోగొట్టుకున్న అభాగ్యులకు ఆయనే ఆలంబనం. నేను ఆయన దగ్గర వకీలు పని నేర్చుకున్న శిష్యుణ్ణి. ఈ నివాళిలో ఆయనను మృదుభాషి అని రాయమని మిత్రులు కొందరు సలహా ఇచ్చిండ్రు. నేను రాయను. సార్ నోరు మహా కటువు. వాయిదాకు ఆలస్యమైతే కక్షిదారుల ముందరే నన్ను కడిగి ఆరేసేటోరు.

మందుల దుకాణంలో అడుగుపెడితే ముందుగా గోడకు తగిలించిన ఫార్మసిస్టు సర్టిఫికెట్ చదివేటోరు. ఆ పేరు పెట్టి పిలిచేటోరు. "శ్రీలతమ్మా, జెర బయటికి రా తల్లీ!" కౌంటర్ మీదున్నాయన బిత్తరపోయి "మేడం ఇయ్యాల రాలే సార్" అంటే, "నిన్న వచ్చిందా? పోనీ, ఎన్నడన్న వచ్చిందా?" అనేటోరు. చదివినోళ్ల సర్టిఫికెట్ కిరాయికి తెచ్చి గోడకు పెట్టుడు, చదువనోళ్లు మందులమ్ముడు మన దిక్కు కొత్త కాదు గదా. "ఈయనతోని మందులకు పోతే రోగం నయమైనంక ఇంటికొస్తం" అని సార్ సతీమణి అనసూయమ్మ నవ్వేటోరు. సార్ మాత్రం నవ్వకపోయేది. "గోడకున్న పేరు మందియ్యదు రా, మనిషి ఇయ్యాలె" అనేటోరు.

ఆయన జీవితాన్ని దహించిన వ్యాజ్యం మంగమ్మది. ఆమె భర్త కిష్టయ్య బొల్లారంలో మందుల కంపెనీ కార్మికుడు. కీళ్ల నొప్పులకు వారానికొక్క గోలీ వేసుకొమ్మని డాక్టర్ రాసిండు. బీరంగూడలో ఒక దుకాణమాయన ఆ చీటీ సరిగ్గ చదువరాక "రోజుకొకటి" అని చెప్పి ఇచ్చిండు. కిష్టయ్య నమ్మి వేసుకున్నడు. నోరంతా పుండ్లై, మంచినీళ్లు సుత మింగలేక, దవాఖానల పాణమిడిసిండు. "రోజు మందులు చేసేటోడు మందుకే పాయె సారూ" అని మంగమ్మ ఏడ్చింది.

"మాకు అర్హత ఉన్న ఫార్మసిస్టు ఉన్నది" అంటూ దుకాణందారు కమిషన్‌కు సర్టిఫికెట్ నకలు దాఖలు చేసిండు. నేను దాన్ని తెచ్చి సార్ చేతికిచ్చిన. తండ్రి పేరున్న చోట ఆయన పేరే ఉన్నది. అది సునీతది, సార్ ఒక్కగానొక్క బిడ్డది.

ఆ సాయంత్రమే కొల్లూరులో ఆమె ఇంటికి పోయినం. "చంటిపిల్లతోని ఇంట్లనే ఉంటున్న గద నాయినా, ఊకెనే ఉన్న కాగితమే గదా అని ఇచ్చిన. మా బ్యాచ్‌ల శానమంది ఇచ్చిండ్రు" అన్నది సునీత భయంభయంగా.

"కాగితమా? గా కాగితం గోడకుంటేనే గదనే ఆ దుకాణం నడిచింది, కిష్టయ్య సచ్చింది!" అని సార్ గర్జించినరు. కొంతసేపటికి గొంతు దించి, "కమిషన్ ముందరికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పు. చెప్తే నీ లైసెన్సు పోతది. చెప్పకుంటే మంగమ్మ కేసు పోతది" అన్నరు. సునీత మొకం మీద కొంగు కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రిగా తాను ఆ కేసు వాదించడం ధర్మం కాదని మరునాడే వకాలత్ నాకు అప్పగించినరు.

సునీత వచ్చింది. "నేను ఎన్నడూ ఆ దుకాణం గడప తొక్కలేదు" అని సాక్ష్యం చెప్పింది. మంగమ్మ గెలిచింది. గెలిచి ఏం లాభం? దుకాణందారు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు పోయిండు. బామ్మర్ది పేరుతోని, ఇంకొకరి సర్టిఫికెట్ తగిలించి, అదే బజారుల మళ్ల దుకాణం తెరిచిండు. సునీత పేరును మాత్రం ఫార్మసీ కౌన్సిల్ ఫార్మసిస్టుల జాబితాలోంచి కొట్టేసింది. ఆమె పుట్టింటికి రావడం మానేసింది. సార్ కూడా ఆమె ఇంటికి పోలేదు. థూ, ఏం లోకమిది!

నాటినుంచి ఆ ఉక్కుమనిషి లోలోపల శిథిలమైండు. ఒకనాడు కోర్టు మెట్ల మీద కూలబడి నాతో అన్నరు: "అబద్ధమాడినోడు దుకాణం తెరిచిండు రా. నిజం చెప్పిన నా బిడ్డకే శిక్ష పడ్డది. నాకన్న పెద్దమనిషి అది."

అంతిమయాత్ర నాడు బొల్లారం కార్మికులు షిఫ్టు దిగి నేరుగా వచ్చిండ్రు. "ఇగ మా తరపున ఎవలు మాట్లాడుతరు సారూ" అని మంగమ్మ గుండెలు బాదుకున్నది. అప్పీలు నేనే వాదిస్త. కానీ ఆయన లేని లోటు పూడ్చే శక్తి నాకు లేదు, ఈ జిల్లాలో ఇంకెవరికీ లేదు.

సునీత తండ్రి పాదాల దగ్గర కూసున్నది. కంట్లో చుక్క నీళ్లు లేవు. "నాయిన నా గురించి ఏమన్న అన్నడా అన్నా?" అని అడిగింది. మెట్ల మీద ఆయన అన్న మాట చెప్పిన.

"గీ మాట నాకే ఫోన్ చేసి చెప్తే ఏం పోయేదన్నా?" అన్నది.

సార్, మీ ధర్మనిరతికి శతకోటి వందనాలు. కానీ మీ బిడ్డ అడిగినదానికి జవాబు మీరు చెప్పవలసింది.