సెటిలైపోయిన అప్పు

నన్ను రావికమతం నుంచి చోడవరం బ్రాంచికి వేసింది కరోనా తగ్గిన మరుసటి ఏడు, చెరకు కోతలకు కొంచెం ముందు. అప్పటికి రిటైర్మెంటుకు రెండేళ్లుంది. హోదా గుమాస్తా. బ్యాంకు భాషలో సింగిల్ విండో ఆపరేటర్ అంటారు. డబ్బు తీసుకోవడం, ఇవ్వడం, పాసుబుక్కు ముద్రించడం అన్నీ ఒక్క కిటికీ దగ్గరే. బ్యాంకు ఊడ్చే పనిలో చేరి, పెళ్లయ్యాక వయోజన విద్య బడిలో అక్షరాలు దిద్ది, ప్రైవేటుగా పదో తరగతి గట్టెక్కి ఆ కుర్చీకి వచ్చాను. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. నవ్వేవాళ్లు నవ్వనీ.

వచ్చిన కొత్తలోనే ఒకరోజు సన్యాసినాయుడు, ఆయన భార్య నూకాలు నా కిటికీ దగ్గరకొచ్చారు. ఆయన రావికమతం రూట్లో అద్దె ఆటో తిప్పుతాడు. యజమాని ఆ బండిని అమ్మకానికి పెట్టాడు. నాగులచవితి దాకా ఆగుతాను, ఆ తర్వాత వేరేవాళ్లకిచ్చేస్తానన్నాడు. బండి పోతే ఆ ఇంటికి రాబడి లేదు. దాన్ని తామే కొనుక్కుంటామని లోను అడిగితే మా మేనేజరు క్రెడిట్ రిపోర్టు చూసి కుదరదన్నారు. మనం ఏ బ్యాంకులో ఎంత అప్పు చేశామో, ఎలా తీర్చామో చెప్పే కాగితం అది. బ్యాంకులు పంపే వివరాలతో వేరే కంపెనీలు దాన్ని తయారుచేస్తాయి.

"కుదరకపోవడమేటి మేడం? పాత బాకీ వడ్డీతో సహా కట్టేసేను. సెటిలైపోనాదని అందులోనే ఉందంట కదా!" అన్నాడు సన్యాసినాయుడు.

వేలు పెట్టి చూశాను. ఉంది. ఉండటమే వచ్చిన చిక్కు.

మన ఇళ్లలో ఫలానావాడు సెటిలయ్యాడంటే ఉద్యోగమొచ్చింది, ఇల్లు కట్టాడు, ఇక దిగుల్లేదని. రిపోర్టులో 'సెటిల్డ్' అంటే ఆ మనిషి పూర్తిగా కట్టలేకపోయాడు, బ్యాంకు కొంత వదులుకుని రాజీపడిందని. అణా పైసలతో సహా తీర్చినవాడికి 'క్లోజ్డ్' అని ఉండాలి. సన్యాసినాయుడు మా బ్రాంచిలోనే గేదెల లోను తీసుకున్నాడు. గేదెలు చచ్చిపోయి వాయిదాలు ఆగి, అది మొండి బాకీ అయింది. తర్వాత అంతా కట్టేశాడు. మరి ఈ మాట ఎలా పడిందని అడిగాను.

"అప్పుడున్న గుమాస్తా బాబు క్లోజని రాస్తనంటే నానే ఒద్దన్నాను. మనిషి పోతే ఆడి పని క్లోజంటాం. కొట్టు మూసేస్తే క్లోజంటాం. అప్పు తీరిన రోజున ఆ మాటేటి మేడం? సెటిలని రాయి బాబూ అన్నాను. మంచోడు, రాసేడు."

ఆ మంచివాడు రసీదు మీదే కాదు, కంప్యూటర్లోనూ అదే నొక్కి, బదిలీ మీద వెళ్లిపోయాడు.

"సూసేవా అప్పా!" అంది నూకాలు, అక్కని మావైపు పిలిచే పిలుపుతో. "డబ్బు కట్టి నోరు మూసుకుని ఇంటికి రావొచ్చు కదా. బేంకోడికి శకునాలు సెప్పొచ్చేడు."

బస్టాండు దగ్గర ఒకడు పాత బాకీ మొత్తం రిపోర్టులోంచి తుడిచేస్తానని డబ్బడిగాడట. ఒక్క రూపాయి ఇవ్వొద్దన్నాను. తప్పు దిద్దించడానికి ఖర్చు లేదు. నిజాన్ని తుడవడం ఎవరి వల్లా కాదు. వాయిదాలు ఆపిన మాట నిజం కనక అది ఇంకొన్నేళ్లు కనబడుతుంది, దిగమింగుకో అని ముఖం మీదే చెప్పాను.

పద్ధతి ఇది. రిపోర్టు తయారుచేసే కంపెనీకి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాలి. ఆ కంపెనీ బ్యాంకుని అడుగుతుంది. బ్యాంకు ఒప్పుకుంటేనే మాట మారుతుంది. నెలరోజుల్లోపు తేల్చాలి. బ్యాంకు ఒప్పుకోవాలంటే ఖాతాదారు అర్జీ ఇవ్వాలి, బ్రాంచి దాన్ని పెద్దాఫీసుకి పంపాలి. ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టించి, అర్జీ రాసిచ్చాను. సన్యాసినాయుడు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు.

"నా సేత్తో నానే క్లోజని పెట్టమంతారా?"

"క్లోజయ్యేది నువ్వు కాదయ్యా, నీ అప్పు. అది చస్తే నీకేటి బెంగ?" అన్నాను.

"పెట్టవయ్యా సంతకం! నేకపోతే ఆటో ఎల్లిపోద్ది, అప్పుడు ఇద్దరం క్లోజే," అంది నూకాలు. వెనక వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వి పెట్టాడు.

పెద్దాఫీసు మొదట ఒప్పుకోలేదు. రసీదు మీద సెటిల్డ్ అనే ఉంది కదా, ఏం మార్చమంటారని తిప్పి పంపారు. అప్పుడు మేనేజరు ఖాతా లెక్కంతా తీయించి, బ్యాంకు వదులుకున్నది సున్నా అన్న చోట గీత గీసి, తన సంతకంతో మళ్లీ పంపారు. ఈలోగా నూకాలు సంతకి వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తొంగిచూసి "సచ్చిందా అప్పా?" అని అడిగేది. కొత్తవాళ్లు ఉలిక్కిపడేవారు.

చవితి వారం ఉందనగా మాట మారింది. ఆలస్యాల గుర్తులు అలాగే ఉన్నాయి. అయితే గేదెల లోను తర్వాత తీసుకున్న బంగారం లోను వేళకి కట్టాడని చూసి మేనేజరు ఆటో లోను మంజూరు చేశారు.

చవితి మర్నాడు బ్యాంకుకు బయల్దేరితే ఆ ఆటో నా ముందు ఆగింది. ముందు అద్దానికి బంతిపూల దండ, నూకాలు వెనక సీట్లో.

"ఎక్కప్పా, కిరాయి తరవాత సెటిల్ సేసుకుందుం," అంది.

"సెటిల్ వద్దు. పూర్తి కిరాయి తీసుకుని క్లోజ్ చెయ్యి," అని ఎక్కాను. సన్యాసినాయుడు కిరాయి తీసుకున్నాడు, చిల్లర కూడా సరిగ్గా ఇచ్చాడు.

ఖాతాదారు ముచ్చటపడిన మాట రాయడం మర్యాదే కావచ్చు. గుమాస్తా పని సరైన మాట రాయడం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఆఖరి వాయిదా కట్టిన ప్రతివాళ్లకీ రాయబోయే మాట పైకి చదివి, బ్యాంకులో దానికి అర్థమేమిటో చెప్పాకే మీట నొక్కాను. అప్పు పూర్తిగా తీర్చినవాళ్లు క్లోజ్డ్ అని ఉందో లేదో చూసుకోకుండా కౌంటరు వదలకూడదు.