రమణమ్మకు లేని అత్త

ఏళ్ళ తరబడి ఒక ముసలావిడను మోస్తున్నాను. ఆవిడకు చాదస్తం, అనుమానం, కోడళ్ళను వరసలో నిలబెట్టి లెక్కపెట్టే అలవాటు. చిక్కల్లా ఒక్కటే. ఆవిడ అసలు పుట్టలేదు. పుట్టించింది నేను. ఆ తప్పు మాత్రం ఇంకొకరి నెత్తిన పడింది. పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. మీకు నవ్వొచ్చిన చోట నవ్వండి. నేనూ నవ్వుతూనే రాస్తున్నాను. ఇన్నాళ్ళూ నన్ను తప్పించుకోనిచ్చింది కూడా ఈ నవ్వేనేమో.

మాది చిన్న సంస్థ. గూడూరులో రెండు గదులు. కేసుల్లో ఇరుక్కున్న ఆడవాళ్ళకు జామీను చూడటం, వాయిదాలకు తోడు పోవడం, బయటికొచ్చాక పనీ, ఇల్లూ వెతకడం మా పని. పెట్టింది ఒక వకీలు. మాకందరికీ లాయరక్క. ఆమెది ఒకటే పట్టుదల. ఎవరి కథ వాళ్ళ నోటితోనే బయటికి రావాలి. చెప్పాలనుకుంటే చెప్తారు, వద్దనుకుంటే మానేస్తారు. వాళ్ళ తరఫున మనం అబద్ధమాడితే, వాళ్ళది సిగ్గుపడాల్సిన బతుకని మనమే తీర్పు చెప్పినట్టు. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్ళకు నేనే వివరించేవాణ్ణి. చాలా బాగా వివరించేవాణ్ణి.

రమణమ్మది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరు. ఒక వ్యాపారి తూకంలో మోసం చేస్తే, ఆ తక్కెడే తీసుకుని అతని నెత్తిన వేసింది. అతను చావలేదు గానీ చాలా రోజులు చావబోతున్నట్టు పడుకున్నాడు. ఆమెకు మొగుడు లేడు, జామీను నిలబడే దిక్కు లేదు. లోపలే ఉండిపోయింది. మేము బయటికి తెచ్చాక కోట అనే ఊళ్ళో రొయ్యల షెడ్డులో పని కుదిరింది. ఇక ఉండటానికి గది కావాలి.

ఏ గడప తొక్కినా మొదటి ప్రశ్న ఒకటే, ఇన్నాళ్ళూ ఎక్కడుండావని. "జైల్లో" అనేది రమణమ్మ, బజారుకు పోయొచ్చానన్నంత తేలిగ్గా. తలుపు మూసుకునేది. "ఇంకో గడప చూపీన్నా" అని నవ్వుతూ ముందు నడిచేది. నేను నవ్వలేకపోయేవాణ్ణి. ఎండకు అలిసిపోయానని అప్పుడు అనుకున్నాను. కాదు. తలుపు మూసేవాళ్ళు ఆమెను ఒకసారి చూసి, తర్వాత నన్ను చూసేవాళ్ళు. ఆ రెండో చూపు నాకు బరువైంది. ఆమె పక్కన నిలబడటానికి జీతం తీసుకునే మనిషిని, నిలబడటానికే సిగ్గుపడ్డాను.

సుబ్బరత్నమ్మ ఇంటికి వెళ్ళిన రోజు శ్రీహరికోటలో రాకెట్ వదులుతున్నారు. ఆవిడ వరి పొలాలున్న ఒంటరి మనిషి. ఒక కాలు మేడ మెట్టు మీద పెట్టే మాతో మాట్లాడుతోంది. అడగాల్సింది అడిగింది. రమణమ్మ నోరు తెరిచింది. నేను ముందు పడ్డాను.

"అత్తారింట్లో ఉండిందమ్మా."

జైలుకు మనవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరే కదా. మా ఆఫీసులో ఆడవాళ్ళు రోజూ అనుకునే మాటే. అబద్ధం కాదులే అని అక్కడికక్కడే నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవలసి వచ్చిందంటే అది ఏమిటో మీకు తెలుసు. రమణమ్మ ఏదో అనబోయింది. అప్పుడే కిటికీ రెక్కలు గడగడలాడాయి. సుబ్బరత్నమ్మ మేడ మీదికి పరుగు, వెనకాల మేము. ఆకాశంలో తెల్లటి గీత సాగుతుంటే ఆవిడ రమణమ్మ భుజం మీద చెయ్యేసి, "నువ్వేం దిగులు పడబాక. ఆ ముసల్దాన్ని మరిచిపో" అంది. గది దొరికింది.

దారిలో రమణమ్మ ఆగింది. "ఏందన్నా ఇది? నా మొగుడు పసిబిడ్డప్పుడే వాళ్ళమ్మ పోయింది. నేనిప్పుడు అత్తను యాడ తెచ్చేది?" నేను నవ్వేశాను. రెండు రోజులాగి నువ్వే నిజం చెప్పేయ్ అన్నాను. తప్పు నేను చేసి, దిద్దే పని ఆమెకు అప్పజెప్పాను.

ఆమెకు చెప్పే వీలు ఏదీ? సుబ్బరత్నమ్మకు టీవీ సీరియళ్ళ కంటే ఈ అత్త నచ్చింది. పొద్దు వాలితే చాలు, అరుగు మీద కూర్చుని కథ అడిగేది. రమణమ్మకు అబద్ధం కల్పించడం రాదు. అందుకని నిజమే చెప్పేది. పొద్దున్నే లేపి వరసలో నిలబెట్టి లెక్కపెట్టేది అత్త. చీకటి పడకముందే అన్నం పెట్టేసేది. తలుపుకు బయట గడియ వేసేది. ఎంతమంది కోడళ్ళని ఆవిడ అడిగితే, "శానామందిమమ్మా, వస్తా పోతా ఉంటారు" అనేదట. సుబ్బరత్నమ్మ కళ్ళొత్తుకునేదట. వాయిదాలకు పోయే బస్సులో ఇవన్నీ చెప్పి రమణమ్మ నన్ను కడుపుబ్బ నవ్వించేది. మధ్యలో ఒక్కోసారి ఆగి, "మంచి మనిషన్నా. మోసం జేస్తుండా" అనేది. నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

తర్వాత కేసు కొట్టేశారు. రమణమ్మ షెడ్డు మానేసి మా దగ్గరే చేరింది. కోర్టు గుమ్మం దగ్గర ఏడ్చే ఆడవాళ్ళను ఆమె నవ్వించినట్టు మాలో ఎవ్వరం నవ్వించలేం. ఇక ఈ సంస్థను నడిపేది లోపలికి పోయొచ్చిన మనిషే కావాలని అక్క అప్పటికే నిశ్చయించుకుంది. ఆ మనిషి రమణమ్మ. ఆ మాట అందరి ముందు చెప్పడానికి ఒక సాయంత్రం కాఫీ, కారాబూందీ పెట్టి పిలిచింది. రమణమ్మ సుబ్బరత్నమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆ రోజు మా అందరి ముందర ఆవిడకు నిజం చెప్పేసేయాలని ఆమె ఆలోచన. నాతో ముందే చెప్పింది. కానీ మాట్లాడే వంతు మొదట అక్కది.

"ఈమె జైల్లో ఉండి వచ్చింది. రేపటి నుంచి మనందరికీ పెద్ద" అని అక్క మొదలుపెట్టింది.

"జైలా?" అంది సుబ్బరత్నమ్మ ముందు కుర్చీలోంచి. "అత్తారింట్లో గదా ఉండింది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రమణమ్మ ఆవిడ దగ్గరికి పోయి కింద కూర్చుంది. "లేదమ్మా. అదే జైలు. చెప్దామనే పిల్చుకొచ్చినా."

"అయితే ఆ అత్త?"

"లేదమ్మా."

"లేదా! ఓసి నీ దుంపదెగ, శివరాత్రి జాగారం నాడు గూడా దాన్నే తిట్టుకుంటా కూర్చున్నా గదే!"

గది గదంతా ఘొల్లుమంది. సుబ్బరత్నమ్మకు కోపమో నవ్వో ఆవిడకే తెలియలేదు. నవ్వనిది అక్క ఒక్కతే.

"మొదట ఆ మాట అన్నది ఎవరు?"

సుబ్బరత్నమ్మకు గుర్తు లేదు. ఆవిడకు గుర్తున్నది రాకెట్. రమణమ్మ నా వైపు చూసింది. నిలదీసే చూపు కాదది. బస్సు సీట్లో కాస్త జరిగి చోటిచ్చినట్టు చూసింది. ఆ చోట్లో నేను కూర్చుంటే సరిపోయేది.

"గది కోసం అనుంటాదిలే అక్కా" అన్నాను.

‘అన్నాను’ అనాలి. ‘అనుంటాది’ అన్నాను. మన భాషలో ఎవరు చేశారన్నది క్రియ చివర ఉంటుంది. ఆ చివర దగ్గర నా నాలుక పక్కకు జరిగింది.

రమణమ్మ నన్ను ఇంకొక్క క్షణం చూసింది. తర్వాత తల దించుకుని, "అవునక్కా. నాకు నోటి దూల ఎక్కువ" అంది.

పెద్దను చెయ్యడం వాయిదా పడింది. తన గురించి తానే నిజం చెప్పుకోలేని మనిషి మిగతావాళ్ళకు ఏం ధైర్యం చెప్తుందని అక్క బాధపడింది. జైలు మాట దాచకుండా కోట వీధుల్లో తలుపులు మూయించుకున్న ఏకైక మనిషి గురించి అక్క అలా అనుకుంది. నేను వింటూ ఉన్నాను. ప్రస్తుతానికి నువ్వు చూసుకోమని పనులు నాకు అప్పజెప్పింది. ఆ ప్రస్తుతం ఇంకా నడుస్తోంది. ఆ కుర్చీ కోసమే అలా అన్నానా? అన్నప్పుడు కాదు. అన్న మరుక్షణం మాత్రం కుర్చీ గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా నోరు విప్పలేదు. మొదటిది పిరికితనం అనుకోండి. రెండోదానికి ఏం పేరు పెట్టాలి?

రమణమ్మ కొన్నాళ్ళకు మానేసింది. ఇప్పుడు చిల్లకూరు దగ్గర హైవే మీద చేపల పులుసు అమ్ముతోంది. లారీలు బారులు తీరతాయి. పులుసులోకి మామిడికాయలు సుబ్బరత్నమ్మ తోటవి. గల్లాపెట్టె దగ్గర కూర్చునేదీ ఆవిడే. ఆవిడ కోపం వారం కూడా నిలవలేదు, పొద్దుపోవడం లేదని తనే వెతుక్కుంటూ పోయింది. జైలు నుంచి వచ్చిన ఏ ఆడమనిషికైనా అక్కడ మొదటి పూట భోజనం ఉంటుంది. కొట్టు మీద ఎర్రటి అక్షరాలతో బోర్డు: అత్తారిల్లు. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. బోర్డు పేరు మార్చలేదు. మారిస్తే ఆమె ఊరుకోదు.

మొన్న వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను. ఆ రోజు నేను అలా అనడం తప్పు రమణమ్మా అన్నాను. ఆమె గరిటె ఆపలేదు.

"నాకెందుకు చెప్తావన్నా? నాకు తెలిసిందే గదా. తెలవనోళ్ళకు చెప్పు."

పోనీలే అంటుందేమోనని చూశాను. అనలేదు. నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసి లారీవాళ్ళ దగ్గరికి పోయింది. పులుసు ఎప్పటిలాగే అద్భుతంగా ఉంది. అదీ నాకు శిక్షే.

తెలియనివాళ్ళు మీరు. మీకు చెప్పాను. తెలియని మనిషి ఇంకొకరున్నారు. లాయరక్కకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు గానీ, అచ్చులో పడ్డ ప్రతి అక్షరమూ కళ్ళజోడు సర్దుకుని మరీ చదువుతుంది. ఇదీ చదువుతుంది. కింద పేరు లేకపోయినా ఎవరు రాశారో పోల్చుకుంటుంది. నేను కుర్చీలోంచి లేవాలా వద్దా అన్నది ఆమె తేల్చాలి. ముందు ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు అందాలి కదా.

అక్కా, మొదట ఆ మాట అన్నది నేను.