మేకపిల్ల యాడుండాది?

1938. కర్నూలులో ఒక చిన్న అచ్చాఫీసులో నేను కంపోజిటరుని. శుభలేఖలు, సంత నోటీసులు, కోర్టు కాగితాలు, ఇవే మా పని. పిల్లల కోసం పుస్తకం వేయించేవాళ్లు కూడా ఉంటారని అప్పటిదాకా నాకు తెలియదు.

కంపోజింగు అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, స్టిక్కు అనే చిన్న ఇనుప చట్రంలో పేర్చడం. పేర్చే ప్రతి మాటనూ పైకి గొణుక్కోవడం నా చెడ్డ అలవాటు. "నోరు మూసుకోని చెయ్యి ఆడించరా ఓబులేసూ!" అని మా యజమాని సుబ్బయ్యశెట్టి కసిరేవాడు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాణ్ణి.

దసరా సెలవుల తర్వాత కోడుమూరు ఆడపిల్లల బడి టీచరమ్మ షరీఫాబీ ఒక నోటుబుక్కు తెచ్చింది. నేతగాళ్ల పిల్లల కోసం ఆమె రాసిన కథ. తప్పిపోయిన మేకపిల్ల కోసం ఒక చిన్నపిల్ల ఊరంతా అడుగుతూ తిరుగుతుంది. చివరికి అది వాళ్లింటి మగ్గం గుంతలోనే దొరుకుతుంది.

"మా పిల్లోళ్లకు వాచకం తప్ప ఇంకో పుస్తకం లేదప్పా. ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటే ఇది అన్ని బళ్లకూ పోతాది. తప్పుల్లేకుండా చూడు" అంది.

పుస్తకం రెండు ఫారాలు. ఫారం అంటే ఒకేసారి అచ్చుపడే ఎనిమిది పేజీలు. మొదటి ఫారం ప్రూఫు శెట్టే దిద్దాడు. రెండోది వచ్చేసరికి రాజంపేటలో పెళ్లికి పోతూ నన్ను చూడమన్నాడు. రెండుసార్లు చూశాను. ఒక్క తప్పూ కనబడలేదు. అచ్చు వేయించేశాను.

టీచరమ్మ వచ్చి కాగితాలు తిరగేసి నిలువునా నీరైపోయింది. ఆమె "మేకపిల్ల ఎచ్చట నున్నది?" అని రాస్తే, శెట్టి దిద్దిన మొదటి ఫారంలో అలాగే ఉంది కానీ, రెండో ఫారంలో నేను ప్రతిచోటా "మేకపిల్ల యాడుండాది?" అని పేర్చాను. నోరు గొణిగిందే చెయ్యి పేర్చింది. మా ఇంట్లో మాట అదే కాబట్టి కంటికీ తప్పుగా తోచలేదు.

తిరిగొచ్చిన శెట్టి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఆ పుస్తకం బళ్లో పనికిరాదంటే నువ్వూ ఈడ పనికిరావు. పొయ్యి నీ తప్పు నువ్వే ఒప్పుకో!" అన్నాడు. మర్నాడే ఇన్‌స్పెక్టరు తనిఖీ. మళ్లీ అచ్చు వేసే వ్యవధి లేదు. కాగితాలు పట్టుకుని కోడుమూరు పోయాను.

ఇన్‌స్పెక్టరు ఈరమ్మ అనే పిల్లను లేపి చదవమన్నాడు. మొదటి ఫారంలో "ఎచ్చట... నున్... నున్నది" అంటూ ఆ పిల్ల అక్షరం అక్షరానికీ ఆగింది. టీచరమ్మ తల వంచుకుంది. ఎలాగో తొమ్మిదో పేజీ వచ్చింది.

"అవ్వా, మా మేకపిల్ల యాడుండాది?"

ఈరమ్మ ఆగి కళ్లు పెద్దవి చేసింది. "టీచరమ్మా, పుస్తకంలో మా మాట ఉండాది!" అని అరిచింది. బడంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత ఆ పిల్ల ఆగితే ఒట్టు. మగ్గం గుంత దాకా గడగడా చదివేసింది. మిగతా పిల్లలు కాగితం మీద పడ్డారు.

"ఈ మాటలు ఎవరు పెట్టారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ముందుకొచ్చాను. "తప్పయిపోయింది సారూ. నేనే పేర్చినా."

ఆయన ఈరమ్మ వైపు తిరిగాడు. "మొదటి నుంచి ఇంకోసారి చదువుతావా?"

"మొదటి నుంచి వద్దు సారూ. ఈడ నుంచి చదువుతా!"

ఆయన పకపకా నవ్వాడు. "తప్పు మొదటి ఫారంలో ఉందయ్యా. మనుషులు మాట్లాడే చోటల్లా దాన్నీ ఇలాగే దిద్దండి" అని అక్కడికక్కడే ఒప్పుదల సంతకం చేశాడు. షరీఫాబీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నాకైతే కాలు నేల మీద నిలవలేదు.

తిరిగొచ్చి మొదటి ఫారం మళ్లీ పేరుస్తూ, భయంతో లోలోపలే గొణుక్కుంటున్నాను. శెట్టి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"గట్టిగా చదవరా ఓబులేసూ. మేకపిల్ల యాడికి పోయిందో నాకూ తెలియాల కదా!"

పిల్లల పుస్తకానికి కన్నొక్కటే చాలదని, చెవి కూడా ఒప్పుకోవాలని నాకు ఆనాడు తెలిసింది. ఈ తొమ్మిదేళ్లలో అలాంటివి చాలా పేర్చాను. ఒక్కదాన్ని కూడా నోరు మూసుకుని పేర్చలేదు.